ముగ్గురు మాస్టారు

ఆయనకి ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. యూనివర్సిటీ ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా పెట్టింది.

ఆ ఏడాది యూనివర్సిటీవారు ఒక కొత్త పద్ధతి తెచ్చారు. భాష, చరిత్ర, తత్వం లాంటివి చెప్పే మాస్టార్లు ఎవరి గూట్లో వాళ్ళు కూర్చుని ఎవరి పుస్తకం వాళ్ళు రాసుకోవడం ఇక చాలనీ, వేర్వేరు శాఖలవాళ్ళు జట్టుకట్టి ఒకే విషయం మీద పనిచేస్తే వాళ్ళకి తాళం వేసుకునే గది, పెద్ద బల్ల, వారానికి ఒక పూట పాఠాల నుంచి సెలవు, టైపు చేసిపెట్టడానికి ఒక మనిషి, రెండేళ్ళ గడువు ఇస్తామనీ సర్క్యులర్ పంపారు. షరతు ఒకటే. జట్టులో కనీసం మూడు శాఖలుండాలి.

భాషాశాఖలో ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మాస్టారు ఆ కాగితాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకున్నారు. ఫారంలో మూడు వరసలున్నాయి. మొదటి వరసలో తన పేరు రాసి, పక్కన 'భాష' అని రాశారు. రెండో వరసలోనూ తన పేరే రాసి, 'చరిత్ర' అని రాశారు. ఇంట్లో కూర్చుని పోస్టులో చదివి తెచ్చుకున్న చరిత్ర ఎమ్మే ఆయనకుంది. మూడో వరసలోనూ తన పేరే. పక్కన 'గ్రంథాలయ శాస్త్రం'. దానికి డిప్లొమా ఉంది. 'జట్టులోని వారికి ఒకరితో ఒకరికి అవసరం ఎలా కలిగింది?' అన్న ప్రశ్న ఎదురుగా 'కలగలేదు' అని రాసి, మూడు చోట్లా సంతకం పెట్టి, మూడు సర్టిఫికెట్ల నకళ్ళూ గుచ్చి పట్టుకెళ్ళి ఇచ్చారు.

గుమాస్తా ఫారం పైనుంచి కిందకి చూశాడు. కింద నుంచి పైకి చూశాడు.

"సార్, ముగ్గురంటే ముగ్గురు మనుషులండీ."

"శాఖలు మూడుండాలని రాశారు. మనుషులు ముగ్గురుండాలని ఎక్కడ రాశారో చూపించు."

గుమాస్తా సర్క్యులర్ తీసి వెతికాడు. నిజంగానే ఎక్కడా లేదు.

"లేదండీ. ఒక్కరే వచ్చి మేం ముగ్గురం అంటారని పైవాళ్ళకి తోచి ఉండదు," అన్నాడు, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ.

మధ్యాహ్నానికల్లా గుమాస్తా పెట్టిన పేరుతో సహా కబురు క్యాంటీన్‌కి చేరింది. మాస్టారు లోపలికి అడుగుపెట్టగానే ఎవరో గట్టిగా, "ముగ్గురు మాస్టారొచ్చారు, మూడు టీలు!" అన్నారు. ఆ రోజు నుంచి అదే పేరు. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు. వెనక ఎవరూ ఇంకో పేరుతో పిలిచేవారు కాదు.

నవ్వేవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ఆయన ఆ ఫారం అలా నింపింది తెలివితక్కువతనంతో కాదు. తన దగ్గరున్నది ఇంకొకరి చేతికి ఇవ్వలేకనే.

ఆయన గదిలో, పాత లైబ్రరీ వాళ్ళు వద్దని పారేసిన చెక్క బీరువా ఒకటి ఉంది. పదహారు సొరుగులు. వాటి నిండా చీటీలు. పందొమ్మిది వేల పైచిలుకు. ఒక్కో చీటీ మీద ఒక్క మాట: నొప్పిని చెప్పుకోవడానికి మనిషి వాడిన మాట. సలుపు, పోటు, మంట, తీపు. గుంజుతోంది, పీకుతోంది, మెలిపెడుతోంది, జివ్వుమంటోంది, లోపలెవరో కూర్చుని తవ్వుతున్నట్టుంది. కింద ఎవరన్నారు, ఏ వయసు, ఏ పని చేసేవారు, ఏ తేదీ. చీటీకో నంబరు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆయన తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొదలైందిది. ఆవిడ డాక్టరుతో తన కడుపులో ఏమవుతోందో పది మాటల్లో చెప్పింది. రోట్లో వేసి నూరుతున్నట్టుందని, కాసేపు నూరి ఆపుతారని, ఆపినప్పుడే ఎక్కువ భయమని. డాక్టరు కాగితం మీద 'కడుపునొప్పి' అని రాసుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు జేబులో బస్సు టికెట్టుంటే దాని మీద తల్లి మాటలన్నీ రాసుకున్నారు. అదే ఒకటో నంబరు చీటీ.

అప్పటినుంచి వరసలో నిలబడ్డవాళ్ళని, ఇళ్ళల్లో మంచం పట్టినవాళ్ళని, పళ్ళ డాక్టరు బయట చెంప పట్టుకు కూర్చున్నవాళ్ళని, అందరినీ అడిగారు. కొందరు తిట్టారు. చాలామంది చెప్పారు. నొప్పి గురించి అడిగేవాడు దొరకడం అంత అరుదు. పుస్తకం మాత్రం రాలేదు. ప్రతి ఏడాదీ ఇంకొన్ని మాటలు చేరాక రాద్దామనుకున్నారు. ఎవరికీ చూపించలేదు. సొరుగులకి తాళాలు పెట్టుకున్నారు.

ఇక ఆయన తోడల్లుడి గురించి చెప్పాలి. అదే యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెబుతాడు. పదేళ్ళు చిన్న. మనిషి గదిలోకొస్తే కుర్చీలన్నీ అతనివైపు తిరుగుతాయి. అత్తగారు ఇద్దరల్లుళ్ళనీ ఒకేలా చూసే మనిషే. కాకపోతే చిన్నల్లుడి మాటొస్తే "మా చిన్నవాడొస్తే ఇల్లు నిండినట్టుంటుంది" అనేది. పెద్దల్లుడి మాటొస్తే "మంచివాడే పాపం" అనేది. ఆ 'పాపం' పాతికేళ్ళుగా మాస్టారి పంటికింద రాయిలా అలాగే ఉంది. చివరికి ఆయన భార్య కూడా, ఆదివారం తెల్లారితే చాలు, చెల్లెలింటికి బయల్దేరేది. అదీ ఆయన లెక్కలో రాసిపెట్టుకున్నారు.

మాస్టారి ఫారం కుదరదని తిరిగొచ్చిన నెలకి నోటీసుబోర్డు మీద జాబితా పెట్టారు. మొదటి జట్టు: 'నొప్పి చెప్పుకోవడం'. తత్వశాస్త్రం, చరిత్ర, నర్సింగ్ కాలేజీ. జట్టుకి పెద్ద: తోడల్లుడు.

మాస్టారు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. అది చూసి కలిగిన బాధకి తన పందొమ్మిది వేల చీటీల్లో ఏ మాట సరిపోతుందా అని వెతికారు. ఆరేళ్ళ కిందట భోజనాల దగ్గర తనే కదా చీటీల సంగతి చెప్పింది! వాడు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి విన్నాడు. విన్నవాడు ఊరికే ఉంటాడా?

మర్నాడు తోడల్లుడే గదికొచ్చాడు.

"అన్నయ్యా, నాలుగో వరస ఖాళీగా ఉంచాను. మీకోసమే."

"నాలుగోదా?"

"అబ్బ, వరసలో ఏముంది? మొదటి మూడూ మొన్నటికే నింపాలన్నారు. మిమ్మల్నడుగుదామనుకునేసరికి మీరే సొంతంగా పెట్టారని తెలిసింది."

"ఎంతమందికి తెలిసిందేమిటి?"

తోడల్లుడు నవ్వలేదు. నవ్వకపోవడం మరీ మంట. "మా దగ్గర ఆలోచనలే ఉన్నాయి అన్నయ్యా, సరుకు లేదు. సరుకంతా మీ దగ్గరే ఉంది."

"సరుకుంటే దుకాణం నేనే పెట్టుకుంటాను తమ్ముడూ," అన్నారు మాస్టారు, తాళంచెవుల గుత్తి బల్ల మీంచి తీసి జేబులో వేసుకుంటూ.

అలాగే ఉండిపోయేవారే. కానీ వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. పదవీ విరమణకి పది నెలలే ఉన్నాయి కనుక గది ఖాళీ చేయవలసి ఉంటుందనీ, సొంత సామాను తీసుకుపోవచ్చుననీ, మిగిలినది పాత కాగితాల కింద అమ్మివేయబడుననీ. మాస్టారి ఇంట్లో రెండు గదులు. ఒక దాంట్లో అత్తగారి మంచం. బీరువా మాట ఎత్తగానే భార్య, "నిలబెడదాం. అమ్మని దాని మీద పడుకోబెడదాం," అంది.

పదహారు సొరుగులకి తాళమున్న గది కావాలి. ఆ గది ఉన్నది ఒక్క తోడల్లుడికి. తన గదిలోకి రాబోయే కొత్త లెక్చరరు వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాక, మాస్టారు ఒక బుధవారం పొద్దున ఒకే ఒక్క సొరుగు చంకన పెట్టుకుని, మూడో అంతస్తు ఎక్కారు. ముందు చూద్దాం, నచ్చకపోతే మిగతా పదిహేనూ రావు, అనుకున్నారు.

గది బాగుంది. అది కూడా నచ్చలేదాయనకి. వెలుతురొచ్చే కిటికీ, పన్నెండుమంది పట్టే బల్ల, ఫ్లాస్కులో టీ. చరిత్ర మేడం పొడుగ్గా, సన్నగా, మాట తక్కువ. నర్సింగ్ కాలేజీ టీచరమ్మ ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషి. కూర్చున్నా కూడా లేవడానికి సిద్ధంగా ఉన్నట్టుండేది.

చరిత్ర మేడం ఒక చిన్న బల్లగడియారం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మా దగ్గర ఒక పద్ధతుందండీ. ఎవరు సరుకు తెస్తే వాళ్ళు గంటసేపు మాట్లాడకూడదు. మిగతావాళ్ళు దాన్ని చూసి మాట్లాడుకోవాలి. తెచ్చినవారు వివరిస్తే మేం మీ కళ్ళతోనే చూస్తామని."

"తప్పుగా మాట్లాడితే?"

"తప్పుగానే మాట్లాడతాం. గంటయ్యాక తిట్టండి," అంది టీచరమ్మ. "నేను పోయినవారం వార్డు రిజిస్టరు తెచ్చాను. నోరు మూసుకుని కూర్చోలేక రెండుసార్లు నీళ్ళు తాగడానికి వెళ్ళాను."

గంట తర్వాత మోగేలా గడియారం తిప్పారు. మాస్టారు తాళం తీసి సొరుగు బల్ల మీదకి తోశారు. తన పిల్లని వేరెవరి చేతికో ఇచ్చినట్టుంది.

చరిత్ర మేడం చీటీలు ఒక్కోటీ అంచు పట్టుకుని తీసింది. అది ఓర్చుకున్నారు. తోడల్లుడు వేలు తడి చేసుకుని తిప్పాడు. మాస్టారి చెయ్యి బల్ల కింద పిడికిలయింది. 'సలుపు'నీ 'పోటు'నీ ఒక కుప్పలో వేశారు. ఆయన గొంతులో "కాదు" అన్న మాట పైకొచ్చి, గడియారాన్ని చూసి, మళ్ళీ దిగింది. మూడేళ్ళు కష్టపడి ఆ రెంటినీ విడదీశారాయన. వీళ్ళు మూడు నిమిషాల్లో కలిపేశారు.

ఇరవై నిమిషాలయ్యాక తోడల్లుడి చేతిలోంచి ఒక చీటీ జారి బోర్లా పడింది. ఎత్తబోయి ఆగాడు.

"ఇదేమిటి, వెనక పెన్సిలుతో ఏదో రాసుంది? 'పక్కన: కొడుకు'."

టీచరమ్మ తన చేతిలోది తిప్పింది. "నా దాని మీద 'పక్కన: అక్క, పక్కింటావిడ' అని ఉంది."

అది మాస్టారి అలవాటు. ఎవరైనా మాట చెబుతున్నప్పుడు ఆ గదిలో ఇంకెవరున్నారో వెనక రాసేవారు. తర్వాత ఎప్పుడైనా అనుమానమొస్తే సాక్ష్యముంటుందని. అనుమానం ఎప్పుడూ రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క చీటీని కూడా వెనక్కి తిప్పి చూడలేదు.

తోడల్లుడు లేచి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం. తీసినవన్నీ తిప్పుదాం. మాటని బట్టి కాకుండా పక్కనున్న మనిషిని బట్టి పేరుద్దాం."

పేర్చారు. చరిత్ర మేడం చదవడం మొదలుపెట్టింది. పక్కన కొడుకున్నప్పుడు: కొంచెం, లాగినట్టుంది, అదే తగ్గుతుంది. పక్కన అక్కో చెల్లో ఉన్నప్పుడు: కోస్తోంది, నరం తెగినట్టుంది, ప్రాణం పోతోంది. ఒకావిడైతే, అదే మోకాలు, అదే తేదీ. పొద్దున కొడుకు పక్కనుంటే 'బిగిసింది'. సాయంత్రం వదిన పక్కనుంటే 'సుత్తితో కొడుతున్నారు'.

"నొప్పి ఎంతుందని కాదు," అంది టీచరమ్మ మెల్లిగా. "ఎవరికి ఎంత చెప్పొచ్చు అన్నదే. అయ్యో, వార్డులో రోజూ చూస్తాం కదా ఇది! చుట్టాలని బయటికి పంపితే గానీ అసలు మాట రాదు."

"ఎంత బాగా పట్టుకున్నారండీ!" అంది చరిత్ర మేడం.

ఆవిడ అన్నది తోడల్లుడితో.

రాసింది నేను, అనుకున్నారు మాస్టారు. ఎండలో తిరిగింది నేను. తిట్లు తిన్నది నేను. వాడు చేసింది చీటీ కింద పడేసుకోవడం! గడియారం ముల్లు కదలనట్టే ఉంది.

అంతలో తోడల్లుడు ఇంకో చీటీ తీసి, ముందు చూసి, వెనక చూసి నవ్వాడు. "ఇది మా వదినదే. 'ఇంటిమనిషి' అని ఉంది. మాట: 'ఏం లేదు'. పక్కన: 'నేను'." తలెత్తి మాస్టారికేసి చూసి, ఆయన మాట్లాడకూడదన్నది గుర్తొచ్చి, మిగతావాళ్ళవైపు తిరిగాడు. "మా ఇంట్లో ఏమందో తెలుసా ఆవిడ? భుజంలో మేకు దిగ్గొట్టినట్టుందట. చెయ్యి తలదాకా లేవదు. ఆదివారం వచ్చినప్పుడు మా ఆవిడే తలదువ్వి జడ వేస్తుంది. ఏడాది పైమాటే."

"చూపించుకోలేదా?" అంది టీచరమ్మ.

"అన్నయ్య చూపిస్తున్నారనుకున్నాను," అన్నాడు తోడల్లుడు. అని, మాస్టారి మొహం చూసి, ఆ చీటీని గబగబా కుప్పలో కింద పెట్టేశాడు.

మిగిలిన పాతిక నిమిషాల్లో వాళ్ళేం మాట్లాడుకున్నారో ఆయనకి వినపడలేదు. తనకున్నది చీటీల మీద అసూయ ఒకటే అనుకున్నారు ఇంతసేపూ. ఇది వేరే. తన ఇంట్లో తన పక్కన పడుకునే మనిషి నొప్పి, తను తప్ప అందరికీ తెలుసు. మరీ ముఖ్యంగా వాడికి తెలుసు.

గడియారం మోగింది. ముగ్గురూ ఆయన వైపు చూశారు.

"ఆ పక్కనున్నవాళ్ళ సంగతి," అన్నారు మాస్టారు, "నాకు ముందే తెలుసు."

"తెలుసా!" అన్నాడు తోడల్లుడు. మొహంలో వెలుగు కాస్త తగ్గింది. మాస్టారికి అది చూడ్డానికి బాగానే ఉంది. "అయితే ఆ భాగం మీరే రాయాలన్నయ్యా."

చరిత్ర మేడం పుస్తకంలో అలాగే రాసుకుంది. మాస్టారు సొరుగు సర్దుకుని మళ్ళీ తన గదికి తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కునుకు తీస్తోంది. భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని ఎడంచేత్తో బియ్యంలో రాళ్ళేరుతోంది. ఆవిడ కుడిచేతివాటం మనిషని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

"భుజం నొప్పా నీకు?"

"ఎవరు చెప్పారు?"

"తమ్ముడు."

"అతని నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తారు?"

"ఏం చేస్తానంటే..."

"నేను చెప్పనా? జేబులోంచి చీటీ తీస్తారు. పీకుతోందా, లాగుతోందా, సరిగ్గా చెప్పు అంటారు. చెప్పాక ఇంకోసారి చెప్పు, మాట మార్చకుండా అంటారు. నంబరేసుకుని వెళ్ళిపోతారు." ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "నొప్పీ నాదే, పరీక్షా నాకేనా? మా చెల్లైతే నూనె కాచి రాస్తుంది."

"మీ చెల్లి చెబితే వాడికి తెలుస్తుందని తెలీదా?"

"తెలిస్తే తెలియనివ్వండి. మీకు బాధ నాకు నొప్పుందనా, అతనికి ముందు తెలిసిందనా?"

జవాబు చెప్పబోయారు గానీ, ఏం చెప్పినా అబద్ధమయ్యేలా ఉంది. ఆవిడ పక్కన గచ్చు మీద కూర్చున్నారు.

"ఎలా ఉంటుంది?" అన్నారు. అనగానే ఆయన చెయ్యి తనంతట తను జేబు దగ్గరకి పోయింది. చీటీ అంచు వేలికి తగిలాక తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

భార్య చూడనే చూసింది. "ఆ చెయ్యి ఊరుకోదు," అంది, నవ్వో కోపమో తెలియకుండా. నొప్పి సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన చేట తన ఒళ్ళోకి లాక్కుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. గింజలు కూడా ఏరిపారేస్తున్నారని రెండుసార్లు తిట్లు తిన్నారు. శుక్రవారం, సెలవు పెట్టి, ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు ఎలా ఉందని అడిగితే, ఆవిడ భర్త వైపోసారి చూసింది. మాస్టారు లేచి బయట వరండాలో నిలబడ్డారు. తలుపు సందులోంచి గొంతు వినిపిస్తోంది, మాటలు అర్థం కావడం లేదు. తలుపు దగ్గరకి జరగాలని ఎంత అనిపించినా జరగలేదు. ఆ డాక్టరు మీద కూడా ఈర్ష్య కలిగిందాయనకి.

తర్వాతి బుధవారం, ఇద్దరు అటెండర్లనీ తోపుడుబండినీ అడిగి తెచ్చుకుని, పదహారు సొరుగులూ మూడో అంతస్తు ఎక్కించారు. క్యాంటీన్ ముందు నుంచి పోతుంటే ఎవరో, "ముగ్గురు మాస్టారు కాపురం మారుస్తున్నారు!" అన్నారు.

గదిలో సొరుగులు దింపించి, నిలబడే చెప్పారు. "పోయినవారం నాకు ముందే తెలుసన్నాను. తెలియదు. ఒక్క చీటీ కూడా వెనక్కి తిప్పి చూడలేదు నేను."

"మాకు తెలుసు లెండి," అంది టీచరమ్మ. "పేషెంట్లు మాత్రలు వేసుకున్నామని చెప్పేది అచ్చం ఆ మొహంతోనే."

మాస్టారు తోడల్లుడి వైపు తిరిగారు. ఆ మాట కూడబలుక్కుని అనవలసి వచ్చింది. "చూసింది నువ్వు. నువ్వే రాయి."

"ఇద్దరం రాద్దాం అన్నయ్యా."

"నీ పేరు ముందుంటుంది కదా?"

"మీ పేరే ముందు పెడదాం."

"వద్దు," అన్నారు మాస్టారు. అని, ఎందుకు వద్దన్నానా అని సాయంత్రం దాకా బాధపడ్డారు.

తాళంచెవులు బల్ల మీద పెట్టారు. చరిత్ర మేడం సొరుగులు వరసగా సర్ది, టీచరమ్మతో పంచుకుని నంబర్లు సరిచూసుకుంటూ కూర్చుంది. ఎండ బల్ల మీంచి గోడ మీదకి జరిగేవేళకి తలెత్తింది.

"మధ్యలో కొన్ని నంబర్లు లేవండీ. మొత్తం పదకొండు."

తోడల్లుడు వంగి ఆవిడ రాసుకున్న నంబర్లు చూశాడు. మొదట తెచ్చిన సొరుగులోదీ ఒకటుంది వాటిలో, తను పోయిన బుధవారం చదివి నవ్విన వదిన చీటీ.

"అవెక్కడున్నాయి అన్నయ్యా?"

"ఇంట్లో."

"తెస్తారా?"

"తేను."

తోడల్లుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఈసారి వేలు తడి చేసుకోకుండా, అంచు పట్టుకుని మొదటి చీటీ తీశాడు. మాస్టారు ఎదురుగా కూర్చుని అతని చేతినే చూస్తున్నారు.